ఏబీఎస్ కారుకి ఇంట్లోనే బ్రేక్ ఆయిల్ మార్చొచ్చా?

మార్చొచ్చు. కానీ పని అయ్యేదాకా డబ్బాలో ఆయిల్ అడుగంటకూడదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ వరసగా బ్రేక్ వేస్తే పెడల్ కిందకి పోయే ప్రమాదం అందుకే.

పని ఇద్దరిది. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిప్పల్ వదులు చేసి, ఆయిల్ రాగానే బిగించాలి. బిగించాకే కాలు తీయాలి, లేదంటే గాలి లోపలికి లాగేస్తుంది. ఏ చక్రం ముందు అనేది కారు మాన్యువల్‌లో చూసుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్ పెట్టండి.

డబ్బా ఖాళీ అయ్యి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్తే మాత్రం ఎంత నొక్కినా పెడల్ మెత్తగానే ఉండిపోవచ్చు. చాలా కార్లలో ఆ లోపలి వాల్వులు తెరవాలంటే స్కానర్ కావాలి. అప్పుడు బండి నడపొద్దు, స్కానర్ ఉన్న మెకానిక్‌నే ఇంటికి పిలవండి.