ఖడ్గపు సమతూకం

ఖడ్గం బరువు దాని పొడవునా ఏ విధంగా పంపిణీ అయినదో తెలిపే లక్షణాన్ని సమతూకం అంటారు. ఖడ్గాన్ని సులువుగా తిప్పగలగడం మొత్తం బరువు కంటే దీనిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గరిమనాభి

ఖడ్గాన్ని వేలిపై అడ్డంగా ఉంచినపుడు ఎటూ ఒరగక నిలిచే చోటు గరిమనాభి. ఇది పిడికి దగ్గరగా ఉంటే ఖడ్గం చురుకుగా తిరుగుతుంది. మొన వైపు జరిగితే వేటు బలంగా పడుతుంది కానీ మణికట్టు త్వరగా అలసిపోతుంది. అందువలన కమ్మరులు అలుగును పిడి వద్ద మందంగానూ, మొన వైపు పలుచగానూ సాగగొట్టేవారు.

ఉక్కు

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో తయారైన ఉక్కు పూర్వం పర్షియాకు ఎగుమతి అయ్యేది. సుమారు 1 నుండి 2 శాతం కర్బనం గల ఇటువంటి ఉక్కుతోనే ప్రసిద్ధ డమాస్కస్ ఖడ్గాలను చేసేవారు.

నమూనా ఖడ్గాలు

భారతీయ తల్వార్లు సాధారణంగా 1 కిలోగ్రాముకు అటూఇటూగా తూగుతాయి. వీటి పిడి కూడా లోహమే కనుక, హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి చోట్ల పూర్తి రూపంలో నిలిచి ఉన్నాయి. ఐరోపాలో త్రవ్వకాలలో లభించిన కెల్టిక్ ఖడ్గాల విషయం వేరు. వాటి ఇనుము తుప్పుపట్టి తరిగిపోయింది; కొయ్య, కొమ్ము, ఎముకలతో చేసిన పిడులు చాలావరకు నశించాయి. కనుక నమూనా చేసేవారు అసలు బరువును అంచనా వేయవలసి ఉంటుంది. అలుగును మొదటి నుండి చివరి వరకు ఒకే మందంతో చేస్తే, ఆకారం సరిపోయినా మొన బరువెక్కుతుంది. అటువంటి నమూనా ప్రదర్శనకు పనికివస్తుంది గానీ, పూర్వపు యోధుడు ఖడ్గాన్ని ఎలా తిప్పేవాడో తెలుపలేదు.