లక్కపిడతలు ఎవరివి?

మొన్న మా మూడేళ్ళవాణ్ణి వెంటబెట్టుకుని సుల్తాన్ బజారు వెళ్ళాను. వాణ్ణి చూడగానే దుకాణదారు, ఏం కావాలని అడక్కుండానే మోటారుకార్లూ తుపాకులూ బల్లమీద పరిచాడు. మావాడు వాటివంక చూడనైనా లేదు. మూలనున్న ఏటికొప్పాక లక్కపిడతలు – అంకుడు కర్రతో చేసి లక్కరంగులు అద్దినవి – చూపించి, “అవి కావాలి” అన్నాడు.

“ఛ! ఆడపిల్లల ఆటరా!”

ఆ మాటన్నది దుకాణదారు కాదు, నేనే. వాడి మొహం చిన్నబోయింది.

ఈ భేదం పుట్టుకతో వచ్చిందా, మనం పెట్టిందా? 1978లో ఇంగ్లండులో స్మిత్, లాయిడ్ అనే పరిశోధకులు ఆరునెలల బిడ్డల్ని ఒక తల్లికి ఆడపిల్లగా, మరొక తల్లికి మగపిల్లవాడిగా చూపించారు. ఆడపిల్ల అనుకుంటే బొమ్మనూ, మగవాడనుకుంటే సుత్తిలాంటి గిలక్కాయనూ అందించారట!

అయితే అంతా మన చలవే అనడానికీ లేదు. 2002లో అలెగ్జాండర్, హైన్స్ అనేవారు కోతులకు ఆటవస్తువులిచ్చి చూశారు. మగకోతులు బంతితో, కారుతో ఎక్కువసేపు గడిపితే, ఆడకోతులు బొమ్మతో, వంటగిన్నెతో గడిపాయి. కోతికి వంటేమిటని మాత్రం అడక్కండి!

పుట్టుక పాలు కొంత ఉండవచ్చు. కాని అది మందకు చెప్పే లెక్క. ఎదుటనున్న ఒక్క బిడ్డకు చెప్పేది కాదు. నలుడూ భీముడూ మగవాళ్ళే గదా! క్లాసులో నలభీమపాకాన్ని గురించి పాఠం చెప్పే నాకు బజారులో ఆ సంగతి గుర్తురాలేదు.

మరునాడు వెళ్ళి లక్కపిడతలు కొన్నాను. సాయంత్రం కాలేజీనుంచి రాగానే మావాడు ఉత్త గిన్నె అందించి, “కాఫీ, నాన్నా! వేడిగా ఉంది, ఊదుకో” అన్నాడు.

ఊదుకునే తాగాను.