వార్తల్లో పదం: కమాండ్ బాధ్యత

2023 మార్చిలో రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంటు జారీ చేసింది. ఉక్రెయిన్ పిల్లల అక్రమ తరలింపులో స్వయంగా పాలుపంచుకున్నారన్నది ఒక అభియోగం. కిందివారిని అదుపు చేయలేదన్నది రెండోది. ఈ రెండోదే కమాండ్ బాధ్యత.

ఎప్పుడు వర్తిస్తుంది? ఆ కోర్టుకు ఆధారమైన రోమ్ శాసనం 28వ అధికరణం ప్రకారం నేరం చేసినవారు నిజంగా ఆ నాయకుడి అదుపులో ఉండాలి. సంగతి అతనికి తెలిసి ఉండాలి, లేదా స్పష్టమైన సమాచారం ఉన్నా కావాలనే పట్టించుకోకపోయి ఉండాలి. సైనికాధికారి అయితే తెలుసుకుని తీరాల్సిన పరిస్థితి ఉన్నా చాలు. అయినా ఆపకుండా, దర్యాప్తుకు పంపకుండా ఊరుకుని ఉండాలి. పదవిలో ఉన్నంత మాత్రాన దోషి కాడు.

ఎక్కడ మొదలైంది? మనీలాలో సైనికుల అకృత్యాలకు జపాన్ జనరల్ యమషితను 1946లో ఉరి తీశారు. ఇదే సూత్రం కింద కాంగో నేత బెంబాకు పడిన 18 ఏళ్ల శిక్షను మాత్రం 2018లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

మన దగ్గర? హైదరాబాద్‌లోని ప్రగతి నగర్ నుంచి నగరం దాటి తూర్పుకు వెళ్తే బీబీనగర్. 1948 జనవరి 10న ఆ ఊరిపై జరిగిన దాడి కేసులో నిజాం పాలనకు అండగా నిలిచిన రజాకార్ల నేత ఖాసిం రజ్వీకి ఏడేళ్ల శిక్ష పడింది. 1953లో సుప్రీంకోర్టు సమర్థించింది. అది ఒక్క ఊరి కేసు. మిగతా ఊళ్లలో రజాకార్లు చేసిన దారుణాలకు నాయకుడిగా జవాబు చెప్పించే చట్టం అప్పుడు లేదు. రోమ్ శాసనంలో భారత్ నేటికీ చేరలేదు. మూకలను నడిపించే నాయకులను బోనెక్కించే నిబంధన మన చట్టంలోకి రావాలి.