విమానం దిగేటప్పుడు చెవిపోటు

పలాస: ఉద్దానంలో విమానమెక్కిన వారికి కొదవ లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, టెక్కలి ప్రాంతాల నుంచి వెల్డరు, ఫిట్టరు పనులకు గల్ఫు దేశాలకు, సింగపూరుకు వెళ్లే యువకులు విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్ చేరి అక్కడ విమానమెక్కుతారు. పాసుపోర్టు, వీసాల గురించి చెప్పేవారు ఉన్నారు గాని చెవిపోటు గురించి చెప్పేవారు తక్కువ.

దీనికి కారణం గాలి ఒత్తిడి. విశాఖ నుంచి అరకు ఘాట్‌రోడ్డున బస్సులో వెళ్లినవారికి చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే టప్‌మని తెరుచుకోవడం తెలిసిన సంగతే. విమానంలోనూ జరిగేది అదే, కాస్త ఎక్కువగా. ఎంత ఎత్తున ఎగిరినా విమానం లోపల 6 నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉండేటంత ఒత్తిడి ఉంచుతారు. దిగేటప్పుడు అది మళ్లీ పెరుగుతుంది. కర్ణభేరి వెనుక నుంచి గొంతు పైభాగానికి ఒక సన్నని గొట్టం ఉంది. ఎక్కేటప్పుడు లోపలి గాలి దాని గుండా తనంతట బయటపడుతుంది. దిగేటప్పుడే చిక్కు. గొట్టం తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుని పోటు పుడుతుంది. జలుబు ఉంటే గొట్టం వాచి మరీ బిగుసుకుంటుంది.

విమానం నేల తాకడానికి సుమారు అరగంట ముందే దిగడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో నిద్రపోరాదు. పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తూనో, ఇంటి నుంచి కట్టుకెళ్లిన జీడిపప్పు నములుతూనో మాటిమాటికీ గుటకలు వేయాలి. ఆవులించినా మంచిదే. అప్పటికీ చెవి తెరుచుకోకపోతే ముక్కు, నోరు మూసి మెల్లగా గాలి ఊదాలి. బలంగా ఊదితే కర్ణభేరికే చేటు. చంటిబిడ్డలకు దిగే వేళ పాలు పట్టాలి. చెవుల్లో దూది పెట్టుకున్నందువల్ల ఒరిగేదేమీ లేదు. అడ్డు ఉన్నది కర్ణభేరికి అవతల.

జలుబు జోరుగా ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవడం మేలు. ఏజెంటు చేతిలో టికెట్టు ఉన్నవారికి ఆ వీలెక్కడిది? అటువంటివారు డాక్టరును అడిగి, ముక్కులో వేసే చుక్కల మందు దిగడానికి అరగంట, గంట ముందు వేసుకోవచ్చు. బి.పి. ఉన్నవారు అడగకుండా వాడరాదు.

నొప్పి బిళ్ళల విషయంలో ఉద్దానం వారికి మరింత జాగ్రత్త అవసరం. కిడ్నీ జబ్బు కారణంగా 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరవవలసి వచ్చిన ప్రాంతమిది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు కిడ్నీలకు హాని చేయగలవు. క్రియాటినిన్ పెరిగినవారు చెవిపోటుకని వాటిని దుకాణంలో కొని మింగరాదు.

దిగాక చెవి దిబ్బడ సాధారణంగా కొద్ది గంటల్లో పోతుంది. రెండు మూడు రోజులైనా పోకున్నా, చీము, రక్తం కారినా, కళ్లు తిరిగినా చెవి డాక్టరుకు చూపించాలి. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయడం ఇళ్లలో అలవాటు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా లోపలికే పోతుంది.