పాలపిట్ట చిరునామా రాసిపెట్టేవాళ్లు

దసరా నాడు జమ్మిచెట్టుకు మొక్కి, పాలపిట్టను చూడాలని మనందరికీ ఉంటుంది. ఎమిరేట్స్‌లో ఆ రెండూ ఉన్నాయి. 2008లో ఈ దేశం జాతీయ వృక్షంగా ప్రకటించిన గాఫ్ మన జమ్మిచెట్టే. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక ఇక్కడి పార్కుల్లో, ఖర్జూర తోటల్లో తిరుగుతుంటాయి. ఈ రెండు పక్షులూ తొర్రల్లో పిల్లల్ని పెంచుతాయి.

ఈ నేల మీది చెట్టూచేమా, పిట్టా పురుగూ గురించి ఏళ్ల తరబడి రాసిపెడుతున్న సంస్థ ఎమిరేట్స్ నేచురల్ హిస్టరీ గ్రూప్. 1977లో అబుదాబిలో బిష్ బ్రౌన్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత అల్ ఐన్‌లోనూ శాఖ ఏర్పడింది. దుబాయ్‌లో ఇలాంటి సంస్థే 1986లో పుట్టింది. సభ్యులు ఉద్యోగాలు చేసుకుంటూనే సెలవు రోజుల్లో ఎడారికీ, వాదీలకీ (ఎండువాగులకీ), తీరానికీ వెళ్తారు. చూసినవి రాస్తారు. ఎమిరేట్స్ గ్రూప్ 1991 నుంచి వెలువరిస్తున్న 'ట్రిబ్యులస్' పత్రికలో అలాంటి పరిశీలనలు శాస్త్రీయ వ్యాసాలుగా నిలిచాయి.

తొర్రను గమనించడానికి ఓపిక కావాలి. దగ్గరికి వెళ్లకూడదు, లోపలికి తొంగిచూడకూడదు. దూరంగా నీడలో నిలబడి బైనాక్యులర్‌తో చూడాలి. తలనరికినట్టున్న ఎండు ఖర్జూరం మాను పైకి పాలపిట్ట ముక్కున మిడతతో వచ్చి, ఒక్క క్షణం అటూఇటూ చూసి, తొర్రలోకి దూరిందంటే లోపల పిల్లలు ఉండవచ్చు. తేదీ, సమయం, చెట్టు, చోటు రాసుకుంటే ఆ సాయంత్రానికి విలువ వచ్చినట్టు.

ఎండిపోయిందని కొట్టేసే మానే ఆ పక్షికి ఇల్లు. అలాంటి తొర్ర త్వరగా ఏర్పడదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కార్నబీ నల్ల కాకాటూ అనే చిలుకలకు సరిపడా తొర్ర ఏర్పడడానికి చెట్టుకు వందేళ్లకు పైనే పడుతుంది. అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు ఆ కాకాటూలను లెక్కపెడుతుంటారు. ఎమిరేట్స్‌లోని రామచిలుకలు పంజరాల నుంచి తప్పించుకున్నవాటి సంతతి అంటారు. అవి పెరిగేకొద్దీ ఉన్న కొద్ది తొర్రలకూ పోటీ పెరగవచ్చు. ఆ సంగతి తేలాలంటే ఏటా చూసి రాసేవాళ్లుండాలి.

ఇక్కడ మనవన్నీ వీసా గడువుల బతుకులే. ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతాం. ఎమిరేట్స్ నేచురల్ హిస్టరీ గ్రూప్‌లోనూ మనుషులు మారారు, కానీ నమోదు ఆగలేదు. మన పిల్లలకు జమ్మినీ పాలపిట్టనూ పండగ కథల్లో చెబుతాం కదా. వాళ్లను ఒక్కసారి ఈ బృందంతో బయటికి పంపండి, మీరూ వెళ్లండి. అన్నం పెట్టిన నేలకు తెలుగువాళ్లు చేయగల మంచి పనుల్లో ఇదొకటి.