పొలానికి యూరియా, పళ్లానికి అన్నం: రెండు చోట్లా "ఇంకొంచెం" అలవాటే

ఈసారి వీడియోలో కషాయాలు, ద్రావణాలు లేవండి. మన తిండి గురించి మాట్లాడాను. అక్కడ కుదరనివి ఇక్కడ రాస్తున్నాను.

వరికి యూరియా ఎక్కువైతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆకు ముదురు పచ్చగా, ఏపుగా కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి చూసినవాళ్లు "ఏం పైరండీ!" అంటారు. కానీ లోపల కాడ మెత్తబడుతుంది, సుడిదోమ దిగుతుంది, గాలివానకి చేను పడిపోతుంది. బస్తా చవగ్గా దొరుకుతుంది కాబట్టి "ఎందుకైనా మంచిది, ఇంకొంచెం" అని చల్లేస్తాం.

పళ్లెంలోనూ జరుగుతున్నది ఇదే.

అన్నం ఎందుకు ఎక్కువైంది?

తిండిపోతులని ఎవర్నీ తిట్టక్కర్లేదు. పొద్దంతా నాగలి వెనక నడిచిన మనిషికి పళ్లెం నిండా అన్నం కావాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది కూడా ఆకలి తీర్చడానికే. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది హార్వెస్టరు, పొలానికి వెళ్లేది బండి మీద. పని తగ్గింది, అన్నం కుప్ప తగ్గలేదు. పైగా తెల్లగా పాలిష్ పట్టిస్తున్నాం. తవుడుతో పాటు పీచు, బి1 విటమిన్ పోతున్నాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 2000 కేలరీల లెక్కలో రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 గ్రాములు. అంటే ధాన్యం కంటే కూరగాయలే ఎక్కువ. మనం తినేది దీనికి తిరగేసి.

చిరుధాన్యాలకి మారితే సరిపోతుందా?

నేను దేశీ బియ్యం, కొర్రలు, అండుకొర్రలు అమ్ముతాను. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం నుంచి కొనేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "కొర్రలైతే ఎంతైనా తినొచ్చు కదండీ?" ఇది యూరియా మానేసి కోళ్ల ఎరువు ట్రాక్టర్లకొద్దీ తోలినట్టుంది. సరుకు మారింది, బుద్ధి మారలేదు.

పెళ్లిళ్లు చూడండి. ఎన్ని రకాలు పెట్టారన్నదే పరువు, సగం వదిలేయడమే దర్జా. కావాలి అనడం అందరికీ వచ్చు, చాలు అనడమే రావట్లేదు. ప్రకృతి సేద్యం నేర్పేదే ఆ "చాలు".

ఈ వారం చేసి చూడండి

1. రోజూ ఎసట్లో పోసే బియ్యం తూకం వేసి, తలకి ఎన్ని గ్రాములో రాసుకోండి.
2. ముందు కూర, పప్పు వడ్డించుకుని, తర్వాత అన్నం పెట్టుకోండి.
3. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరుని అడిగే మార్చండి.

"తక్కువ తినమంటే నీ బియ్యం ఎవరు కొంటార్రా?" అని ఇంట్లో అంటుంటారు. నిజమే, బియ్యం కొంత తగ్గుతుంది. కానీ ఆ 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు ఎవరో ఒకరు పండించాలిగా! అందుకే గట్ల మీద కంది, చేను పక్కన కూరగాయలు వేయండి. ముందు మన ఇంటికి, మిగిలింది మార్కెట్‌కి.