తొట్టి వెనుక చీలిక

గాజుతొట్టిలో చేపలను పెంచువారు నీటి స్వచ్ఛతను గూర్చియు, మేతను గూర్చియు, దీపపు కాంతిని గూర్చియు ఎంతయో శ్రద్ధ వహింతురు గాని, తొట్టి వెనుకను బల్ల క్రిందను దాగియుండి, అహోరాత్రములు నీటిని ఫిల్టరునకు చేర్చి మరల పైకి పంపు ప్లాస్టిక్ ఎల్బోలను, నిపుళ్లను, బాల్ వాల్వులను వారు తలచుట, అవి చీలి గచ్చు తడిసిన నాడే. బల్ల క్రింద అమర్చు కానిస్టర్ ఫిల్టరు విషయమున ఈ యుపేక్ష మిక్కిలి ప్రమాదకరము. 3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1.5 అడుగుల ఎత్తు గల తొట్టిలో సుమారు 127 లీటర్ల నీరు పట్టును. ఆ నీటిని లాగు గొట్టపు మూతి తొట్టి అడుగున నుండుటచే, క్రింది భాగమున నెక్కడ చీలిక యేర్పడినను, కరెంటు లేకున్నను, పంపు తిరుగకున్నను, సైఫన్ ధర్మముచేత ఆ మూతి మట్టము వరకు నీరంతయు గదిలోనికి ప్రవహింపగలదు. కావున ప్లగ్గు తీసివేసి, వాల్వులను మూసి, గొట్టపు మూతిని నీటిపైకెత్తి గాలి చొరనిచ్చుట ప్రథమ కర్తవ్యము. చీలిక నీటిమట్టమునకు పైన, పీల్చు గొట్టమున నున్నచో బొట్టైనను కారదు. గాలియే లోనికి పోయి, పంపు గరగరలాడి, ప్రవాహము క్షీణించును. ఇది పంపు దోషమని భ్రమించి క్రొత్త పంపు కొనువారును కలరు.

చీలికలలో పెక్కింటికి కారణము నీటి యొత్తిడి కాదు. 10 మీటర్ల నీటిస్తంభము గాని ఒక వాతావరణ పీడనమునకు సరిరాదు. గృహములోని తొట్టి కలిగించు ఒత్తిడి యెంత! నిజమైన దోషి స్పానరు. మరలు గల అమరికలలో పెక్కు కొసకు పోనుపోను సన్నగిలునవి కావున, టెఫ్లాన్ టేపును దళసరిగా చుట్టి, లోహపు మరను ప్లాస్టిక్ మూతిలో బిగించుచు పోయినచో, కట్టెను చీల్చుటకు దిగగొట్టిన మేకువలె అది మూతి గోడను లోపలినుండి వెలుపలికి నెట్టును. ఆనాడు కానరాని పగులు నెలల తరువాత నిలువుగా సాగి బయటపడును. చేతితో బిగించి, పిదప కొద్దిగా త్రిప్పిన చాలును. ఎండ పడు కిటికీ కడ నుండి పెళుసెక్కిన ప్లాస్టిక్కునకు అంత బలప్రయోగమును అక్కరలేదు.

పగిలినచోట పి.వి.సి. సొల్యూషన్ పూసి యూరకుండుట సర్వత్ర కానవచ్చు చికిత్స. నిష్ఫలమైన చికిత్సయు నదియే. సొల్యూషన్ సామాన్యమైన జిగురు కాదు. అందలి టెట్రాహైడ్రోఫ్యూరాన్ మున్నగు ద్రావకములు ప్లాస్టిక్ ఉపరితలమును మెత్తబరచి, గొట్టమును సాకెట్టులోనికి త్రోసినప్పుడు రెంటి యణువులను పెనవేసి, తాము ఆవిరియై పోగా ఏకఖండమును మిగుల్చును. బిగువుగా నొకదానిలో నొకటి యమరిన తలములకే యీ సంధానము సాధ్యము. చీలికపై పూసిన పొర పైపూత మాత్రమే. కావున చీలిన ఎల్బోకు ఇరుప్రక్కల గొట్టమును హాక్సా బ్లేడుతో వంకర లేకుండ కోసి, అంచుల రజను గీకివేసి, తడి తుడిచి, క్రొత్త ఎల్బోకును గొట్టమునకును సొల్యూషన్ రాసి, పావు చుట్టు త్రిప్పుచు లోనికి నెట్టి, అరనిమిషము కదలకుండ పట్టుకొనవలెను. ద్రావకములు చేపలకు హానికరములు గనుక ఒక దినము ఆరనిచ్చి, నీటితో కడిగిన పిమ్మటనే వాడవలెను.

ఫిల్టరు భాగములన్నియు పి.వి.సి. కావు. విరిగిన తునక నీటిపై తేలినచో అది పాలీప్రొపిలీన్ కావచ్చును; దానికి ఏ సొల్యూషనును అంటదు, మార్చుట తప్ప గత్యంతరము లేదు. సిలికాన్ గాజునకు చక్కగా అంటునే గాని పి.వి.సి.పై పొరవలె ఊడివచ్చును. రెండు ముద్దలను కలిపి మెదపు ఎపాక్సీ పుట్టీ క్రొత్త భాగము చేతికి వచ్చువరకు ఆదుకొనును. అంతకు మించి దానిని నమ్మరాదు.

కొలతల చిక్కు వేరు. మన వ్యవసాయపు గొట్టములకు వెలుపలి వ్యాసము మిల్లీమీటర్లలో లెక్క. విదేశీ పరికరములకు అంగుళములు గాని, వేరొక మిల్లీమీటర్ల లెక్క గాని యుండును. విరిగిన ముక్కను చేతబట్టుకొని అంగడికి పోవుటయే క్షేమము. అంగడివాడు గట్టిదని ఇత్తడి నిపుల్ చూపినచో వలదనవలెను. అందలి రాగి రొయ్యలకును నత్తలకును విషము. ఎల్బో మార్చునపుడే దాని ప్రక్కన ఒక యూనియన్‌ను, వాల్వును చేర్చినచో, మరుసటి మారు హాక్సాతో పని లేక చేతితోనే విప్పుకొనవచ్చును.